సుశీలమ్మ పాటల మీద కలం పెట్టేముందు

అమ్మలూ,

సుశీలమ్మ అరవైల హిట్ల సంకలనం మీద అభిప్రాయం రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. విని పొంగిపోయాను. ఆ వెంటనే భయమూ వేసింది. ‘అమృతం’, ‘తేనె’, ‘గానకోకిల’ అని మూడు పేరాలు నింపేసి ఊరుకుంటావేమోనని. ఆ మాటలు ఏ గాయనికైనా అతుకుతాయి. అందరికీ అతికే మాట రాస్తే ఆవిడ గురించి ఏమీ రాయనట్టే.

ముందు మొత్తం వరసగా విను, ఏ పాటా దాటెయ్యకుండా. పక్కన కాగితం పెట్టుకుని ఒక్కో పాటకీ సినిమా, సంవత్సరం, సంగీతం, రచన, తోడు గొంతు, నిడివి రాసుకో. నిడివిని సెకన్లతో సహా రాయి, దానితో పనుంది.

ఈ పాటల మీద రాసేవాళ్లు పదేపదే చేసే తప్పు ఒకటుంది. ‘ఆ రోజుల్లో సుశీల గొంతు సన్నగా, చిన్నపిల్ల గొంతులా ఉండేది’ అని రాసేస్తారు. చాలాసార్లు సన్నబడింది గొంతు కాదు, కాపీ. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో నడుస్తుంది. దాన్ని 25 ఫ్రేముల టీవీ పద్ధతికి మార్చినప్పుడు బొమ్మతో పాటు ధ్వని కూడా నూటికి నాలుగు వంతులు వేగంగా పరిగెడుతుంది. శ్రుతి హార్మోనియం మీద ఒక మెట్టులో ముప్పావుకి కాస్త తక్కువగా పైకి లేస్తుంది. అలాంటి వీడియోలోంచి లాగిన ధ్వనిని తెచ్చి సంకలనంలో కలిపేస్తే పాట హుషారుగానే వినిపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, తొందరపడుతుంది. పదం చివర ఆవిడ నిలిపే చోటు కురచవుతుంది. ఊపిరి తీసుకునే సందు ఇరుకైపోతుంది. అప్పుడు నువ్వు మెచ్చుకున్నా తప్పే, తిట్టినా తప్పే. ఆవిడ పాడని వేగానికి మార్కులు వేసినట్టు.

పట్టుకోవడం కష్టమేమీ కాదు. అదే పాట ఇంకో రెండు చోట్ల నుంచి సంపాదించు, ఒకటైనా గ్రామఫోను రికార్డు నుంచి తీసినదై ఉండాలి. ముందూ వెనకా ఉన్న ఖాళీ వదిలేసి, పల్లవి మొదటి అక్షరం నుంచి చివరి చరణం ఆఖరి అక్షరం దాకా కొలువు. ఒకదాంట్లో 200 సెకన్లు, ఇంకోదాంట్లో 192 వచ్చాయంటే 24కీ 25కీ ఉన్న తేడాయే అది. తర్వాత హార్మోనియమో కీబోర్డో తీసి షడ్జమం, అంటే పాటకి ఆధారమైన ‘స’ స్వరం, కలుపు. ఏ మెట్టుకీ కలవకుండా రెండు మెట్ల మధ్య వేలాడుతుంటే అనుమానం బలపడుతుంది. అదొక్కటే రుజువనుకోకు. పాత రికార్డు తిరిగిన వేగంలోనూ తేడాలుంటాయి, అందుకే రెండో ప్రతి ఒక్కటే చాలదు, మూడోది కూడా కావాలంటున్నాను. వేగం పెరిగిన ప్రతిని సరిచేసి వినాలంటే ఆడియో ఎడిటర్‌లో వేగాన్ని 0.96 రెట్లకి తగ్గించు. శ్రుతీ వేగమూ కలిసి దిగే ఎఫెక్టే వాడు. ఒక్క పిచ్‌ని (శ్రుతిని) దించేదో, ఒక్క టెంపోని (వేగాన్ని) తగ్గించేదో వాడావంటే ఇంకో అబద్ధం తయారవుతుంది.

రెండోది, ఉత్తుత్తి స్టీరియో. స్టీరియో అంటే కుడి ఎడమలకి వేరువేరు ధ్వని, మోనో అంటే రెండు వైపులా ఒకటే. అప్పటి మన సినిమా పాట మోనో. ‘స్టీరియో’ అని అట్ట మీద కనబడితే మురిసిపోకు. ఆడియో ఎడిటర్‌లో ఒక చానల్‌ని, అంటే కుడి ఎడమల్లో ఒక వైపుని, ఇన్వర్ట్ చేసి (ధ్వని తరంగాన్ని తలకిందులు చేసి) రెండోదానితో కలుపు. నిశ్శబ్దం వస్తే నిఖార్సైన మోనో. గొంతో తబలానో మిగిలితే ఎవరో చెయ్యి పెట్టారు. ఒక వైపుని కొంచెం ఆలస్యంగా వినిపించి వెడల్పు పుట్టించిన పాట, ఫోన్‌లోని ఒక్క స్పీకరు మీద డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. కాబట్టి హెడ్‌ఫోన్స్‌తో ఒకసారి, ఒక్క స్పీకరుతో ఒకసారి విను. కొత్త వాద్యాలతో మళ్లీ పాడించినవి కూడా మధ్యలో దూరుస్తారు. వాటిని అరవైల పాటలని పొగిడావంటే నీ చెవి మెలిపెడతాను!

పాత రికార్డుకి గరగర ఉంటుంది, ఉండనీ. దాన్ని పూర్తిగా తుడిచేస్తే పైస్థాయి ధ్వనులు పోతాయి, వాటితో పాటు స, శ, ష తేడాలు చెరిగిపోతాయి. సుశీలమ్మ విషయంలో ఇది మామూలు నష్టం కాదు. 1963 నాటి ‘నర్తనశాల’లో ‘జననీ శివకామిని’ విను. ‘శివ’లో శకారం నిక్కచ్చిగా శకారమే. మరుసటి ఏడాది ‘మూగమనసులు’లో ‘గోదారీ గట్టుందీ’ విను. చెట్టు ‘సెట్టు’ అయింది. అంతలోనే పల్లె పిల్ల నోరు. ‘ఉందీ’ అనే ముగింపు మళ్లీమళ్లీ వస్తుంది కదా, ఆ ‘దీ’ని ప్రతిసారీ ఎక్కడ వదిలిందో గుర్తు పెట్టుకో. ఈ రెండు పాటలూ పక్కపక్కన పెట్టి నాలుగు వాక్యాలు రాస్తే చాలు, కోకిల అవసరం రాదు. నీ కాపీలో ఆ శకారమూ ఈ సకారమూ ఒకేలా వినిపిస్తుంటే ఆ సంగతే రాయి.

చరణం తగ్గిందని కోపపడే ముందు ఒకటి చూసుకో. పది అంగుళాల 78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. పాట పొడుగైతే చరణం తీసేసేవారు, లేదా రెండు వైపులకీ పంచేవారు. కాబట్టి అది కూర్చినవాళ్ల నిర్లక్ష్యమే కానక్కర్లేదు. సినిమా ప్రతి వాడారా, రికార్డు ప్రతి వాడారా అన్నది చెప్పలేదంటే మాత్రం నిలదియ్యి.

పేర్ల దగ్గర నాకు నీ మీద బొత్తిగా నమ్మకం లేదు, ఏమీ అనుకోకు. ‘పగలే వెన్నెల’ జానకమ్మది. ‘రామకథను వినరయ్యా’లో సుశీలమ్మతో పాటు లీల గొంతు ఉంది, ఆ పేరు ఎగ్గొట్టకు. ‘ఇది మల్లెల వేళయనీ’కి సంగీతం కోదండపాణి, రచన కృష్ణశాస్త్రి. ‘నీవు లేక వీణ’ దగ్గర సాలూరి రాజేశ్వరరావు పేరు లేకపోతే ఆ పేజీ చింపెయ్యి. ఒకసారి తప్పు పేరు పడితే పదిమంది దాన్నే ఎత్తి రాస్తారు, ఆ తర్వాత దిద్దేవాడుండడు. సుశీలమ్మకి మొదటి జాతీయ అవార్డు తెచ్చింది 1968 నాటి తమిళ పాట. తెలుగు సంకలనంలో అది లేదని తప్పు పట్టకు. తెలుగు పాటకే వచ్చిందనీ రాయకు.

ఇక ఎంపిక. ఘంటసాలతో పాడిన యుగళగీతాలే వరస కట్టి ఉంటే అది లోపమే, మొహమాటపడకు. అవి గొప్పవి కావని కాదు. ఒంటరిగా పాడినవి నాలుగైనా లేకపోతే ఆవిడ ఒక పాటని మొదటి నుంచి చివరిదాకా ఎలా మోస్తుందో వినేవాడికి తెలియదు. ‘అలిగిన వేళనే చూడాలి’ లాంటిది ఉందో లేదో చూడు. గొంతు ఎక్కడా పెంచకుండా గారాం చేసే పాట అది. అన్నీ విషాదాలే కూర్చినవాళ్లు ఇలాంటివే ముందు వదిలేస్తారు.

రాత్రుళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పడుకోకు, చెవులు జాగ్రత్త తల్లీ. రాసింది బయట పెట్టకముందు నాకు పంపు, నిడివులు వేసుకున్న కాగితంతో సహా.

మీ పెదనాన్న