దుబాయ్ ఫ్లాట్ లేటయింది, కిస్తీ ఆపేయొచ్చా?

ప్రశ్న: మాది పొదలకూరు దగ్గర పల్లె. నిమ్మతోట అమ్మిన డబ్బుల్తో 2022లో దుబాయ్‌లో ఫ్లాట్ బుక్ చేశా. ధర 8 లక్షల దిర్హమ్‌లు, ఇప్పటికి 3 లక్షల 20 వేలు కట్టా. 2024 డిసెంబర్‌కి ఇస్తామన్నారు, ఇంకా గోడలు లేపతానే ఉన్నారంట, అక్కడే పనిచేసే మా బావమరిది పోయి చూసొచ్చాడు. నెల్లూరులో ఏజెంట్‌కి విడిగా 6 లక్షల రూపాయలు క్యాష్ ఇచ్చాం. వచ్చే నెల కిస్తీ ఆపేసి ఇక్కడ రెరాలో (బిల్డర్ల మీద ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ) కేసు వెయ్యొచ్చా?

జవాబు: అన్నా, మీ కోపం న్యాయమే, కానీ తొందరపడి కిస్తీ మాత్రం ఆపబాకండి. మీరు ఆపిన రోజు నుంచి, వాళ్లు లేట్ చేసిన కేసు కాస్తా మీరు ఎగ్గొట్టిన కేసు అయిపోతుంది. దుబాయ్‌లో 2008 నాటి 13వ నంబర్ చట్టం ఉంది, తర్వాత సవరణలు కూడా వచ్చాయి. దాని ప్రకారం కొన్నాయన కిస్తీ కట్టకపోతే బిల్డర్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌కి చెప్తాడు, వాళ్లు 30 రోజుల నోటీస్ ఇస్తారు, అప్పటికీ తేలకపోతే కోర్టుకి పోకుండానే అగ్రిమెంట్ రద్దు చేసి మీ డబ్బులో కోత పెట్టుకోవచ్చు. ఆ కోత మీరు కట్టిన దాని మీద కాదు, ఫ్లాట్ ధర మీద. పని 60 శాతం లోపు ఉంటే ధరలో 25 శాతం దాకా, అంటే మీకు 2 లక్షల దిర్హమ్‌లు. 60 దాటితే 40 శాతం దాకా, అంటే 3 లక్షల 20 వేలు. సరిగ్గా మీరు ఇప్పటిదాకా కట్టిందంతా. తోట డబ్బు మొత్తం ఒక్క కిస్తీ పంతానికి పోయేట్టుంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఒక్క సందర్భం వేరు. కొన్ని అగ్రిమెంట్లలో కిస్తీకి తేదీ ఉండదు, ఫలానా శాతం పని అయ్యాక కట్టాలి అని ఉంటుంది. మీది అలాంటిదైతే, ఆ పని అవ్వకముందే వాళ్లు అడుగుతుంటే, కట్టకపోవడానికి మీకు హక్కుంది, కాకపోతే ఊరికే ఉండకుండా కారణం రాసి ఈమెయిల్ పెట్టి మరీ ఆపాలి.

మీరు వాట్సాప్‌లో పంపిన అగ్రిమెంట్ ఫోటోలు చూశా. 11వ పేజీలో పూర్తయ్యే తేదీ ఉంది, దాని కిందే చిన్న అక్షరాల్లో గ్రేస్ పీరియడ్, అంటే బిల్డర్‌కి ఇచ్చే అదనపు గడువు, అని ఒక లైన్ ఉంది, సరిగ్గా దాని మీదే వేలు అడ్డం పడింది. మామూలుగా ఇది 6 నెలలో 12 నెలలో ఉంటుంది. 12 అయితే మీ లెక్క 2024 డిసెంబర్ నుంచి కాదు, 2025 డిసెంబర్ నుంచి మొదలవుతుంది. ఆ పేజీ మళ్లీ తీసి పంపండి.

ఇక్కడి రెరా ఏపీలో కట్టే ప్రాజెక్టులకే, దుబాయ్ బిల్డింగ్ దాని పరిధిలోకి రాదు. అక్కడ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ కింద వేరే రెరా ఉంది, మీ పని అక్కడే. ముందు బావమరిదితో దుబాయ్ రెస్ట్ యాప్‌లో ప్రాజెక్ట్ పేరు కొట్టించండి, పని ఎన్ని శాతం అయిందో అందులో తెలుస్తుంది. ఫ్లాట్ మీ పేరున ఊకూద్‌లో, అంటే ఇంకా కట్టే దశలో ఉన్న ఫ్లాట్లను నమోదు చేసే అక్కడి రిజిస్టర్‌లో, రిజిస్టర్ అయిందో లేదో కూడా చూడాలి. అట్లాగే మీ పాత కిస్తీల బ్యాంక్ రశీదులు తీసి, డబ్బు ప్రాజెక్ట్ ఎస్క్రో ఖాతాలోకి (ఆ ప్రాజెక్ట్ పనికే వాడాల్సిన విడి బ్యాంక్ ఖాతా) పోయిందా, కంపెనీ మామూలు ఖాతాలోకి పోయిందా చూడండి. 2007లోనే 8వ నంబర్ చట్టం తెచ్చి కొన్నవాళ్ల డబ్బు ఎస్క్రోలోనే పెట్టాలన్నారు. ఎస్క్రోలో ఉంటే ధైర్యం, లేకపోతే అది విడిగా పెద్ద ఫిర్యాదు.

తర్వాత బిల్డర్‌కి నోటీస్ పంపాలి, కిస్తీ కడుతున్నా గానీ లేట్‌కి నష్టపరిహారం హక్కు వదులుకోవట్లేదు అని అందులో స్పష్టంగా రాయాలి. జవాబు రాకపోతే ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌లో ఫిర్యాదు, అదీ తేలకపోతే కోర్టో ఆర్బిట్రేషనో (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు), అది అగ్రిమెంట్ చివర్లో ఉంటుంది. పని 60 దాటి నడస్తా ఉంటే నేనైతే ఫ్లాట్ తీసుకుని పరిహారం అడగమంటా. నెలల తరబడి సైట్‌లో మనిషే లేకపోతే మాత్రం రద్దు, రీఫండ్ అడుగుదాం.

బావమరిదికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. నెల్లూరు నోటరీ ఒక్కటే చాలదు, రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ అటెస్టేషన్లు కావాలి, అక్కడికి పోయాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర, అరబిక్ అనువాదం. టైమ్ పడుతుంది, ఈ వారమే మొదలుపెట్టండి.

ఆ 6 లక్షల క్యాష్ నాకు దిగులుగా ఉంది. అది బిల్డర్ లెక్కలో లేదు, బిల్డర్‌ని అడగలేం. ఏజెంట్ దాన్ని ఫీజుగా తీసుకున్నట్టు రశీదో మెసేజో ఉంటే నెల్లూరు వినియోగదారుల కమిషన్‌లో వెయ్యొచ్చు, దావాకి కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లే గడువు, ఆ మెసేజ్‌లు డిలీట్ చెయ్యబాకండి. అదే ఆ డబ్బు ఫ్లాట్ కోసం దుబాయ్ చేర్చమని ఇచ్చింది అయితే ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) చిక్కు, ఫోన్లో వద్దు, ఆఫీసుకొచ్చి చెప్పండి. వచ్చేటప్పుడు బ్యాంక్ ద్వారా విదేశాలకు డబ్బు పంపినప్పుడు ఇచ్చిన ఏ2 ఫారాలు, మీ ఐటీ రిటర్న్‌లు కూడా పట్టుకురండి, విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో ఈ ఫ్లాట్ చూపించారో లేదో చూడాలి.

కిస్తీ తేదీకి పది రోజుల ముందైనా ఆ 11వ పేజీ నాకు చేరాలి.