పదకొండు నెలల ముందే తెలిసిపోతే ఎలా?

చిరంజీవికి,

నీ నవల మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. 1947 అక్టోబర్ 26 రాత్రి, భారత్‌తో పాత సంబంధాలను ఏడాదిపాటు ఉన్నవున్నట్టే ఉంచే ఒప్పందం గురించి, హైదరాబాద్ ప్రధాని ఛత్తారీ నవాబు చేత "ఈ యథాతథ ఒప్పందం ఏడాది కూడా నిలవదు, చివరికి భారత సైన్యమే వస్తుంది" అనిపించావు. నీకు తెలుసు, నాకు తెలుసు, పదో తరగతి పిల్లవాడికీ తెలుసు. ఆయనకెలా తెలుసు?

మన నాటకాల్లో రాయబారానికి వెళ్ళే కృష్ణుడికి యుద్ధం తప్పదని ముందే తెలుసు. దేవుడు కాబట్టి చెల్లింది. హైదరాబాద్ ప్రధానికి చెల్లదు. ఆ ఒప్పందం ముసాయిదాకు నిజాం కార్యనిర్వాహక మండలిలో ఆరుగురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. నిజాం సరేనన్నాడు కానీ సంతకం రేపు, రేపు అంటున్నాడు. పొద్దున్నే ఢిల్లీ విమానం ఎక్కాలి. ఆ రాత్రి ఛత్తారీ చేతిలో ఉన్నది అంతే. తెల్లవారకముందే, ఒప్పందం వద్దనే ఇత్తెహాద్ పార్టీ గుంపులు ఆయన ఇంటిని, నిజాం సలహాదారు వాల్టర్ మాంక్టన్ ఇంటిని చుట్టుముట్టాయి. ప్రయాణం ఆగింది, ఛత్తారీ రాజీనామా చేశాడు. కొత్త బృందం వెళ్ళి నెల రోజులు బేరమాడితే, నవంబర్ 29న సంతకాలు పడ్డది దాదాపు ఆ పాత కాగితం మీదే! ఇంతటి మలుపును నువ్వు ఒక్క వాక్యంలో దాటేసి, అత్తరు వాసనకు పేజీన్నర ఇచ్చావు. హైదరాబాద్ కథ అంటే అత్తరుతో మొదలుపెట్టడం ఈమధ్య ఒక రివాజైంది.

చర్చలు రాస్తే పాఠకుడు నిద్రపోతాడని నీకెవరు చెప్పారో ఊహించగలను. నా తొలి కథల్లో ఒకదాన్ని ఒక వారపత్రిక సంపాదకుడు ఇదే మాట చెప్పి కోసేశాడు. నలుగురు గదిలో కూర్చుని ఒక షరతు గురించి వాదించుకునే రెండు పేజీలు పోయాయి. వాటి బదులు, నేను రాయని తుపాకీ ఒకటి అచ్చులో పేలింది. ఆ తుపాకీ బాగుందని ఉత్తరాలు కూడా వచ్చాయి.

బొల్లారంలో భారత ప్రభుత్వ ప్రతినిధి మున్షీ బస సన్నివేశం బాగుంది. దానికీ అదే జబ్బు రాకుండా చూసుకో. 1948 సెప్టెంబర్ 16న పారిస్‌లో భద్రతామండలి ముందు హైదరాబాద్ ప్రతినిధి తన వాదన వినిపిస్తున్నాడు. మర్నాడు ఇక్కడ లొంగుబాటు. ఆ ప్రతినిధి గొంతులో ముందే ఓటమి పలికిస్తే నీ నవల నేను మళ్ళీ తెరవను.

మూడో అధ్యాయం తిరగరాసి పంపు. ముందుమాట సంగతి ఇప్పుడు ఎత్తకు.

ఆశీస్సులతో...