కడుపు గొట్టం లోపలికి జారితే లాగవచ్చా?

ప్రశ్న: మా నాయనకు 70 ఏళ్లు. పక్షవాతం వల్ల మింగలేకపోతుండటంతో ఏడు నెలల కిందట హైదరాబాదులో కడుపుకు గొట్టం అమర్చారు. పోయిన నెల అది ఊడిపోతే, దగ్గరలోని ఒక ఆసుపత్రిలో అదే రంధ్రం గుండా మూత్రానికి వాడే బెలూన్ గొట్టం వేసి పంపారు. నాలుగు రోజులుగా రాగిజావ పోసిన కాసేపటికే వాంతి అవుతోంది. బయట కనిపించే గొట్టం మునుపటికంటే పొట్టిగా ఉంది. పట్టుకొని లాగితే సరిపోతుందా?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: లాగవద్దు. జావ, నీళ్లు, మందులు ఏవీ గొట్టంలో పోయకుండా, ఎండోస్కోపీ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి ఈ రోజే తీసుకువెళ్లండి. గొట్టం పొట్టిగా ఉందని మీరు గమనించారే, వాంతికి కారణం బహుశా అదే.

జీర్ణాశయం ఆహారాన్ని చిన్నపేగు వైపు నెట్టినట్టే, నీటితో ఉబ్బిన బెలూన్‌నూ నెడుతుంది. ఆహారం కోసమే తయారైన గొట్టానికి చర్మం మీద ఆనే బిళ్ల ఉంటుంది కాబట్టి అది అంత సులువుగా జారదు. మూత్రపు గొట్టానికి ఆ బిళ్ల లేనందున, అంటించిన ప్లాస్టర్ వదులైతే చాలు, లోపలికి జారి జీర్ణాశయం చివరి ద్వారంలోనో, దాని అవతల చిన్నపేగు మొదట్లోనో బిరడాలా బిగుసుకుంటుంది. పిత్తనాళం, క్లోమనాళం తెరుచుకునేదీ ఆ చోటే కనుక అరుదుగా కామెర్లు, క్లోమం వాపు కూడా రావచ్చు. ఉబ్బి ఉన్న బెలూన్‌ను బలవంతంగా లాగితే పేగు చిరిగే ప్రమాదముంది.

గొట్టం ఊడిన రోజు దొరికిన దానిని వేయడాన్ని నేను తప్పుపట్టను, ఎందుకంటే ఆ రంధ్రం కొన్ని గంటల్లోనే పూడుకుపోవడం మొదలుపెడుతుంది. అది తాత్కాలికమేనని మీకు చెప్పకపోవడమే లోపం.

చికిత్స సాధారణంగా చిన్నదే. వాల్వ్‌కు సిరంజి పెట్టి బెలూన్‌లోని నీరు తీసి, గొట్టాన్ని వెనక్కి తెచ్చి, వీలైతే సరైన గొట్టం మార్చి, ఎక్స్‌రేలో కనిపించే మందును గొట్టంలోకి ఎక్కించి చోటు సరిచూస్తారు. నీరు బయటికి రాకపోతే, గొట్టంలో బెలూన్‌కు నీరు వెళ్లే సన్నని దారిలోకి తీగ పంపుతారు, లేదా ఎండోస్కోపీ సాయంతో బెలూన్‌ను సూదితో గుచ్చుతారు. ఇంట్లో మాత్రం గొట్టాన్ని కత్తిరించవద్దు. కొస లోపలికి పోతే కొత్త సమస్య.

కొత్త గొట్టం వేశాక చర్మం దగ్గర దాని మీదున్న అంకెను రాసిపెట్టుకొని, జావ పోసే ప్రతిసారీ చూడండి. వారానికోసారి బెలూన్‌లోని నీటిని కొలిచే పద్ధతి నర్సు దగ్గర నేర్చుకోండి. అందులో నింపవలసింది స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) నీరే. సెలైన్ వాడితే ఉప్పు పేరుకొని దారి మూసుకుపోవచ్చు, ఇక మన నల్లగొండ బోరు నీటి సంగతి చెప్పనక్కరలేదు. మళ్లీ ఎప్పుడైనా ఊడితే, ఆ గొట్టాన్ని పారేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి; దాని సైజు, బెలూన్‌లో పట్టే నీటి కొలత దాని మీదే ముద్రించి ఉంటాయి.