ఉబుంటులో సొంత కెర్నల్ కంపైల్ చేస్తుంటే సర్టిఫికెట్ దగ్గర ఆగిపోతోంది, ఏం చేయాలి?

కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాము. దాన్ని సోర్స్ నుంచి సొంతంగా తయారుచేసుకోవడమే కంపైల్ చేయడం. అందులో మీరు చెప్పిన ఇబ్బందులు రెండు. పాత కాన్ఫిగ్ (కెర్నల్‌లో ఏవేవి ఉండాలో చెప్పే ఫైలు) తెచ్చుకుని, కంపైల్ మొదలుపెట్టే ‘మేక్’ ఆదేశం ఇస్తే ఉబుంటును తయారుచేసే కెనానికల్ వాళ్ల సర్టిఫికెట్ ఫైలు లేదంటూ ఆగిపోవడం ఒకటి, దాన్ని ఎలాగో దాటినా డిస్కు నిండిపోవడం మరొకటి. తిరుపతి కోర్లగుంటలో మేడమీది గదిలో, పాత ల్యాప్‌టాప్ మీద నేను తరచూ చేసే పనే ఇది.

సర్టిఫికెట్ సంగతి చిన్నదే. బూట్ ఫోల్డరులోని కాన్ఫిగ్ ఉబుంటు వాళ్లు తమ కోసం రాసుకున్నది. అది అడిగే కీ ఫైళ్లు వాళ్ల సోర్స్‌లో ఉంటాయి గానీ కెర్నల్ డాట్ ఆర్గ్ నుంచి దించుకున్న దానిలో ఉండవు. ‘మేక్ మెనూకాన్ఫిగ్’ ఇస్తే తెరుచుకునే సెట్టింగుల మెనూలో క్రిప్టోగ్రాఫిక్ ఏపీఐ కింద సర్టిఫికెట్ల విభాగం ఉంటుంది. అందులో ట్రస్టెడ్ కీస్, రివొకేషన్ కీస్ ఎదురుగా ఉన్న ఫైలు పేర్లు చెరిపేసి ఖాళీగా వదిలేయండి. డిస్కును మింగేది డీబగ్ సమాచారం, అంటే కెర్నల్‌లో తప్పులు వెతకడానికి పనికొచ్చే అదనపు సమాచారం. అదే మెనూలో కెర్నల్ హ్యాకింగ్ విభాగంలో దాన్ని ఆపేస్తే సరి.

మీరు అడగలేదు గానీ, అసలు శ్రద్ధ పెట్టాల్సింది ‘మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ మీద. ఉబుంటు కాన్ఫిగ్‌లో లోకంలో ఉన్న హార్డ్‌వేరుకంతా వేలకొద్దీ మాడ్యూళ్లు (అవసరమైనప్పుడు కెర్నల్‌కు తగిలించే డ్రైవర్ల లాంటి ముక్కలు) ఉంటాయి. ఈ ఆదేశం ఆ క్షణాన మీ యంత్రంలో లోడయి ఉన్నవి ఉంచి, మిగతా మాడ్యూళ్లను తీసేస్తుంది. గంటల పని బాగా తగ్గిపోతుంది. చిక్కల్లా ‘ఆ క్షణాన’ అన్న దగ్గరే. మా గదిలో కరెంటు పోతే బ్రాడ్‌బ్యాండ్ కూడా పోతుంది, అప్పుడు ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి నెట్ వాడుకోవాలి. ఆ ఆదేశం ఇచ్చేటప్పుడు ఫోను కలిపి, టెథరింగ్ ఆన్ చేసి ఉండకపోతే దానికి కావలసిన, యూఎస్‌బీ మీదుగా నెట్ అందించే ఆర్‌ఎన్‌డీఐఎస్ మాడ్యూలు జాబితాలోకి రాదు. కొత్త కెర్నల్ చక్కగా లేస్తుంది, ఫోనును మాత్రం గుర్తుపట్టదు. అందుకే పెన్‌డ్రైవ్, ప్రింటర్, యూఎస్‌బీ వైఫై, మీరు ఎప్పుడైనా వాడేవన్నీ ఒక్కసారి గుచ్చి, పనిచేయించి, ఆ తర్వాతే ఈ ఆదేశం ఇవ్వండి.

మే నెల మధ్యాహ్నం మా ఊళ్లో కంపైల్ మొదలుపెట్టడం ల్యాప్‌టాప్‌ను హింసించడమే. ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. నేను రాత్రి భోజనాలయ్యాకే మొదలుపెడతాను. మీది 4 జీబీ ర్యామ్ అన్నారు కాబట్టి ‘మేక్’ ఆదేశంలో ఒకేసారి ఎన్ని పనులు నడవాలో చెప్పే ‘జే’ పక్కన 2 చాలు. మధ్యలో ఆపాల్సి వస్తే కంగారు వద్దు, మళ్లీ ‘మేక్’ ఇస్తే అయిపోయినవి వదిలి మిగిలిన వాటినే చేస్తుంది. అప్పటిదాకా అయినవి చెరిపేసే ‘మేక్ క్లీన్’ జోలికి మాత్రం వెళ్లకండి.

సొంత కెర్నల్‌తో యంత్రం పరుగులు పెడుతుందనుకోకండి. రోజువారీ వాడకంలో నాకు తేడా ఏమీ కనిపించలేదు. నేర్చుకోవడానికైతే ఇంతకు మించిన పని లేదు.

మాడ్యూళ్లు, తర్వాత కెర్నల్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత కెర్నల్‌ను తీసేయకండి. కొత్తది లేవకపోతే, యంత్రం ఆన్ చేసినప్పుడు కెర్నల్‌ను ఎంచుకోనిచ్చే గ్రబ్ మెనూలో దాన్నే ఎంచుకోవాలి. ‘బ్యాడ్ షిమ్ సిగ్నేచర్’ అని వస్తే తప్పు మీ కంపైల్‌ది కాదు, నమ్మకమైన సంతకం లేని కెర్నల్‌ను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందని అర్థం. బయాస్‌లో దాన్ని ఆపండి, లేదా సొంత కీ తయారుచేసి కెర్నల్‌పై సంతకం చేసి, ఆ కీని యంత్రంలో నమోదు చేయండి.