అది తయారుచేసినవాడి పేరు కాదండీ

మీరు మ్యూజియంలో తీసిన ఫొటోలు చూశాను. అందులో పొడుగు కాడ గరిటె ఉద్ధరిణెలా ఉంది కాబట్టి పూజ సామాను అనుకున్నారు, పక్కన కూజా మీద గీసిన 'అనిథుస్' అనేది పనివాడి పేరా అని అడిగారు.

ముందు ఆ అక్షరాల సంగతి. ఇవి ప్రాచీన ఇటలీలోని ఎట్రుస్కన్ జాతివాళ్ల వస్తువులు. వాళ్ల రాత సాధారణంగా కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. మీరు ఎడమ నుంచి చదివారు. తిప్పి చదవండి: 'సుథినా'. అంటే సమాధి కోసం అని. చనిపోయినవాళ్లతో పాటు పెట్టే వస్తువుల మీద ఇలా గీసేవారు. ఇటలీలోని బొల్సేనా, ఓర్వియేతో ఊళ్ల చుట్టుపక్కల క్రీ.పూ. 4, 3 శతాబ్దాల కంచు సామాను మీద ఈ మాట బాగా కనిపిస్తుంది. కొన్ని కంచు అద్దాలకైతే ముఖం చూసుకునే నున్నటి వైపే అడ్డంగా గీసేశారు, ఇక బతికున్నవాళ్లెవరూ వాడకుండా!

ఇక ఆ పొడుగు కాడ గరిటె వైన్ తోడేది. వైన్‌ని పెద్ద పాత్రలో నీళ్లు కలిపి, దీంతో తోడి కప్పుల్లో పోసేవారు. కాడ నిలువుగా ఎందుకంటే, లోతైన పాత్రలో ముంచినా చెయ్యి తడవదు. మీ రెండో ఫొటోని జూమ్ చేసి కాడ చివర చూడండి: వెనక్కి వంగి బాతు తలలా ఉంది, ముక్కు కూడా తెలుస్తోంది. అందానికే కాదు, ఆ వంపుతో కొక్కేనికి తగిలించుకోవచ్చు. వైన్ వడగట్టే జల్లెడ గరిటెలకీ ఇలాంటి బాతు తలలే ఉంటాయి. అదే గాజు పెట్టెలో అలాంటిదేమైనా ఉందా? ఉంటే ఆ ఫొటో కూడా పెట్టండి.