టెక్ సందేహాలు: నీలి గోడ వెలిసింది, గడ్డిపువ్వు మసకేసింది

ప్రశ్న: ఫొటోగ్రఫీ కోర్సు మొదటి ఏడాది చదువుతున్నాను. క్లాసు ప్రాజెక్టు కోసం హైదరాబాద్ ఎం.ఎస్. మక్తాలో గోడల మీది బొమ్మలు, ఆ గోడల మొదట్లో మొలిచిన పిచ్చి మొక్కలు తీశాను. ఒకే గోడ నీలం ఒక్కో ఫొటోలో ఒక్కోలా వచ్చింది. గడ్డి చామంతి అయితే ఎంత దగ్గరికెళ్లినా మసకే. నా 18-55 లెన్సు పాడైందంటారా? కొన్ని ఫొటోలు జత చేస్తున్నాను.

జవాబు: లెన్సు నిక్షేపంలా ఉంది, మార్చకండి. రంగు గొడవంతా ఆటో వైట్ బ్యాలెన్స్‌ది, అంటే వెలుతురు రంగును బట్టి ఫొటో రంగుల్ని కెమెరా తనంతట తానే సరిచేసే పద్ధతిది. ఫ్రేము నిండా నీలమే కనిపిస్తే అది గోడ రంగని కెమెరాకు తెలియదు. వెలుతురే నీలంగా ఉందేమో అనుకుని పసుపు కలిపేస్తుంది. నాలుగడుగులు వెనక్కి జరిగి పక్కనున్న సిమెంటు, గుమ్మం, ఓ స్కూటరు కూడా పడేలా తీశారనుకోండి, దాని లెక్క మారిపోతుంది. నీలం మళ్లీ నీలంగా వస్తుంది. అందుకే ఎండలో 'డేలైట్', నీడ గోడకు 'షేడ్' అని వైట్ బ్యాలెన్స్ మీరే పెట్టేయండి. రా ఫార్మాట్‌లో (కెమెరా పట్టిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైలు) తీస్తే ఇంటికొచ్చాకా సరిచేసుకోవచ్చు. మొదటి షాట్‌లో గోడ పక్కన గ్రే కార్డు (రంగు సరిచూసుకోవడానికి వాడే బూడిద రంగు అట్ట) పెట్టుకుంటే ఇంకా సులువు. జిరాక్స్ కాగితం మాత్రం వద్దు. తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాల వల్ల అందులో నీలిఛాయ ఉంటుంది.

మీ రెండో ఫొటోలో గులాబీ రంగు గీతలన్నీ కలిసి ఒకే ముద్దయ్యాయి చూడండి. అక్కడ ఎరుపు ఛానెల్ నిండిపోయింది, అంటే ఎరుపు కెమెరా పట్టగలిగే హద్దు దాటిపోయింది. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) ఈ సంగతి చెప్పకపోవచ్చు. మూడు రంగులు విడివిడిగా చూపించేది ఆన్ చేసి, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి.

ఇక పువ్వు. కెమెరాతో పాటే వచ్చే ఈ రకం కిట్ లెన్సులు చాలావాటికి ఫోకస్ అందే కనీస దూరం సుమారు 25 సెంటీమీటర్లు. కానీ ఆ దూరం లెన్సు ముందు అద్దం నుంచి కాదు, లోపల బొమ్మను పట్టే సెన్సర్ నుంచి కొలవాలి. కెమెరా పైభాగాన సున్నాను అడ్డంగా కోసినట్టు చిన్న గుర్తు ఉంటుంది, సెన్సర్ ఉన్నది అక్కడే. అంతకంటే దగ్గరికెళితే ఏ పువ్వయినా మసకే. జూమ్ 55 దగ్గర పెట్టి, ఫోకస్ పడే దాకా మెల్లగా వెనక్కి జరగండి. పువ్వు చిన్నగా పడితే తర్వాత క్రాప్ చేసుకోండి. అదీ చాలదంటే మ్యాక్రో లెన్సుకు (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసేది) డబ్బు పోసే ముందు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు చూడండి. కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగిస్తే ఇంకా దగ్గర నుంచి ఫోకస్ అందుతుంది. వాటిలో అద్దం ఉండదు, ఉత్త గొట్టాలే. అయితే ఎలక్ట్రికల్ కాంటాక్టులు ఉన్నవే కొనాలి. లేకపోతే ఆటోఫోకస్ పనిచేయదు, చాలా లెన్సుల్లో అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) మార్చడం కూడా చేతికి రాదు.

గడ్డి చామంతి కాడ సన్నగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టి చిన్న గాలికీ ఊగుతుంది. షటర్ 1/500 సెకను, అపర్చర్ ఎఫ్/8 పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) ఎంత పెరిగినా పెరగనివ్వండి. నాయిస్ (గరుకు చుక్కలు) ఉన్న ఫొటోను బాగుచేయొచ్చు, కదిలిన పువ్వునేం చేస్తాం?

అన్నట్టు, మూడో ఫొటోలో మీ నీడ పడిన చోట తెల్లపూలతో గుబురుగా ఉన్నది వయ్యారిభామ అనే కలుపు మొక్క. తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి. నేనోసారి దాని మధ్య మోకాళ్ల మీద కూర్చుని వారం రోజులు గోక్కున్నాను. ఈసారి ఫుల్ హ్యాండ్స్ చొక్కా, పొడుగు ప్యాంటు వేసుకెళ్లండి.