బల్బు మార్చే ముందు మీటరు పెట్టండి

ప్రశ్న: పదేళ్లు దాటిన చిన్న కారు. రాత్రిళ్లు చేపల చెరువుల గట్ల మీద తిరగాలి. డిమ్ మీద గట్టు అంచే తెలియడం లేదు. ఒక షాపులో 100/90 వాట్ల బల్బులు వేయించమంటున్నారు, ఇంకో షాపులో ఎల్ఈడీ అంటున్నారు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: రెండూ వద్దండి. మీ కారులో ఉండేది మామూలు 60/55 వాట్ల (బ్రైట్‌కి 60, డిమ్‌కి 55) హెచ్4 రకం బల్బే అయితే, గట్టు చూపించడానికి అది చాలు. దానికి కరెంటు పూర్తిగా అందుతోందా అన్నదే ముందు చూడాలి.

ఇంజను నడుస్తుండగా లైట్లు వేసి, బ్యాటరీ మీద మల్టీమీటరు పెట్టండి. 14 వోల్టుల దగ్గర ఉండాలి. హోల్డరు ఊడదీయకుండానే దాని వెనక నుంచి బల్బు దగ్గర కూడా చూడండి. అక్కడ 12.6 వస్తే పోయింది పది శాతమే కదా అనిపిస్తుంది, కానీ హాలోజన్ బల్బులో ఆ పది శాతానికి వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. ఎక్కడ పోతోందో కూడా మీటరే చెబుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు ప్లస్‌కి ఒకసారి, బ్యాటరీ మైనస్ నుంచి బల్బు ఎర్త్‌కి, అంటే కరెంటు తిరిగి వెళ్లేందుకు కారు బాడీకి బిగించిన వైరుకి, ఇంకోసారి పెట్టండి. ఏ వైపున 0.3 వోల్టు దాటితే ఆ వైపు దారిలో లోపం ఉన్నట్టు.

మన వైపు ఉప్పుగాలికి ముందు పోయేది ఎర్తే. బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా గీకి, వైరు చివరకు కొత్త లగ్గు (బోల్టు కింద పెట్టే లోహపు కొస) వేసి బిగించి, పైన గ్రీజు రాయండి. వైరు చివర స్లీవు కోసి చూస్తే రాగి పోగులు పచ్చగా కనిపిస్తాయి. ఎర్రటి రాగి తగిలేదాకా వెనక్కి కత్తిరించాల్సిందే. పచ్చ పోగుల మీద కొత్త లగ్గు నొక్కితే ఆ పని వృథా.

ప్లస్ వైపు నష్టం ఉంటే రిలేలు వేయించండి. రిలే అంటే స్విచ్చు నుంచి కొద్దిపాటి కరెంటుతోనే పనిచేస్తూ, బల్బుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చే చిన్న పెట్టె. చాలా పాత కార్లలో రెండు బల్బుల కరెంటూ, అంటే 10 ఆంపియర్ల దాకా, స్టీరింగు పక్కనున్న స్విచ్చు గుండానే పోతుంది. డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి 30 ఆంపియర్ల రిలే, 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, ఒక్కో లైనుకు 15 ఆంపియర్ల ఫ్యూజు కావాలి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. దూరంగా పెడితే ఈలోపు వైరు ఎక్కడ ఒరుసుకుని షార్టయినా ఆపేది ఉండదు. రిలే 30వ పిన్నుకు బ్యాటరీ నుంచి, 87 నుంచి బల్బుకు, 86కు పాత హోల్డరు వైరు, 85కు ఎర్త్. పిన్నులు కిందికి చూసేలా బిగించండి, వాన నీళ్లు నిలవవు. కొన్ని కార్లలో స్విచ్చు ఎర్త్ వైపు ఉంటుంది. వాటికి మామూలు రెడీమేడ్ హార్నెస్ (రిలేలతో కలిపి అమ్మే వైర్ల సెట్టు) సరిపడదు. కొనే ముందే టెస్టు ల్యాంపుతో చూపించుకోండి.

100 వాట్ల జత దాదాపు 17 ఆంపియర్లు లాగుతుంది. హోల్డరు కరుగుతుంది, లోపలి రిఫ్లెక్టరు పూత మాడుతుంది. ఇక ఎల్ఈడీ సంగతి. హెచ్4లో డిమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు దొప్ప ఉంటుంది. రిఫ్లెక్టరును దాని లెక్కకే తయారుచేశారు. ఎల్ఈడీలో వెలుగిచ్చే చిప్పు మిల్లీమీటరు అటూఇటూ అయినా వెలుగు పైకి చిమ్మి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. మన కారు ముందు తెల్లగా మెరిసిపోతుంది కాబట్టి బాగా కనిపిస్తోందనే అనుకుంటాం. పొగమంచులో ఆ తెలుపే గోడలా అడ్డం నిలుస్తుంది.

చట్టం విషయానికొస్తే, దీపం ఎదుటివారి కళ్లు మిరుమిట్లు గొలపకుండా కిందికి వంగి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చెబుతుంది. అనుమతి లేని మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా పడవచ్చు. రిలే వేస్తే బల్బు వాట్లూ మారవు, ల్యాంపూ మారదు. బల్బు కూడా కొత్తది వేద్దామనుకుంటే 60/55లోనే తెల్లగాజుది కొనండి. నీలిపూత బల్బు వెలుగును తినేస్తుంది.

ప్రశ్న: డిమ్ మీదే వెళ్తున్నా ఎదురొచ్చే లారీలన్నీ డిప్పర్ కొడుతున్నాయి. బల్బు కంపెనీదే.
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ముందు బల్బు విప్పి చూడండి. దాని అంచుకు మూడు చెవులుంటాయి. ఒకటి గాడిలో కూర్చోకపోయినా డిమ్ చెదిరిపోతుంది. అది సరిగ్గా ఉంటే లైటు ఎత్తు సరిచేయాలి. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, డాష్‌బోర్డు మీద లైటు ఎత్తు మార్చే చక్రాన్ని సున్నాలో పెట్టి, సమనేల మీద గోడకు 5 మీటర్ల దూరంలో కారు ఆపండి. ల్యాంపు మధ్య ఎత్తును గోడ మీద గీసి, దానికి 5 సెం.మీ. కింద ఇంకో గీత గీయండి. ఒక లైటుకు గుడ్డ కప్పి, రెండోదాని డిమ్ వెలుగు పైఅంచు ఆ కింది గీతకు వచ్చేలా ల్యాంపు వెనక స్క్రూ తిప్పండి, ఒక్కోసారి అర చుట్టు మాత్రమే. కుడి వైపు అంచు అడ్డంగా ఉండి ఎడమకు పైకి లేవాలి. కుడికి లేస్తుంటే అది రోడ్డుకు కుడివైపున నడిచే దేశాల కోసం చేసిన ల్యాంపు, ఎంత తిప్పినా లాభం లేదు, మార్చేయాలి. డిక్కీలో కొబ్బరి బస్తాలు వేసిన రోజు చక్రాన్ని 2కో 3కో తిప్పడం మరవకండి.

ప్రశ్న: పసుపెక్కిన లైట్లకు టూత్‌పేస్టు పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: కొన్ని వారాలు మెరుస్తాయి, అంతే. పక్క పెయింటుకు టేపు అంటించి, నీళ్లతో 800, 1500, 2000, 3000 నంబర్ల ఎమెరీ కాగితం వరసగా రుద్ది, పాలిష్ చేసి, యూవీ క్లియర్ కోటు కొట్టించాలి. ఆ కోటు మానేస్తే కొద్ది నెలల్లో మళ్లీ అదే పసుపు. పాతకాలపు గాజు లెన్సుకు ఈ పని చేయకూడదు. వరిచేల మధ్య రాత్రి ప్రయాణం తర్వాత అంటుకున్న పురుగులను పొడిగా గోకకండి, తడిగుడ్డ పది నిమిషాలు వేసి ఉంచితే వాటంతటవే ఊడొస్తాయి.